ఏడో మలుపులో సమురు

ముల్లు పడిపోతోంది.

తప్తపాణి ఘాట్ రోడ్డు ఐదో మలుపు దాటుతూ పైడన్న దాన్ని చూశాడు. ఆయిల్ ప్రెషర్ గేజ్‌లో నలభై దగ్గర నిలవవలసిన ముల్లు ఇరవైకి దిగింది. ఆరో మలుపులో పదికి దిగింది. తెలిసిన డ్రైవరు అక్కడికక్కడే కారు ఆపి, ఇంజను కట్టేసి, బానెట్టు ఎత్తుతాడు. గంజాం జిల్లా మొత్తంలో పైడన్నకంటే తెలిసిన డ్రైవరు లేడు. కాని ఆ మధ్యాహ్నం అతడు కారు ఆపలేడు. వెనుక సీటులో పోలీసు కొరియరు, అతని ఒడిలో సీలు వేసిన తోలుసంచి. నలభై గజాల వెనుక ఒక నల్ల కారు. ఆ కారులోనుంచి అప్పటికే రెండు గుండ్లు వచ్చి అద్దాన్ని పగలగొట్టాయి.

"బాబూ, తల దించండి. సమురు సచ్చిపోతంది," అన్నాడు పైడన్న.

ఏడో మలుపులో ముల్లు సున్నాను తాకింది. ఇంజను లోపల ఇనుము ఇనుమును కరిచింది. పైడన్న క్లచ్చి నొక్కేలోగానే వెనుక చక్రాలు బిగుసుకున్నాయి. కారు అడ్డం తిరిగి, రాతిగట్టును పడగొట్టి, లోయలోకి దొర్లింది.

నల్ల కారు మలుపులో మెల్లగా ఆగింది. అందులోనుంచి ఒక తెల్లదొర దిగాడు. ఏమాత్రం తొందరపడకుండా లోయలోకి వెళ్లి సంచి తీసుకున్నాడు. పైడన్న ఇంకా ఊపిరి తీస్తున్నాడు. దొర అతనివైపు ఒకసారి చూసి, చేతిగడియారం చూసుకొని, వచ్చిన దారినే పైకి వెళ్లిపోయాడు.

ఇదంతా చెప్పడానికి కొరియరు సాయంకాలం వరకు బతికాడు. పైడన్న అంతసేపు బతకలేదు.

*

ఎనిమిది రోజుల తరువాత, బరంపురం స్టేషను వెనుక, విత్తనాల గిడ్డంగి అని బోర్డు కట్టిన ఒక గదిలో, స్పెషల్ బ్రాంచి ఇన్‌స్పెక్టరు భీమేశ్వరరావు తన ఏజెంటును ఎదుట కూర్చోబెట్టుకున్నాడు. ఆ ఏజెంటు పేరు జగ్గన్న. గోసాని నువాగాంలో పుట్టి, మోటారు షెడ్డులో పెరిగి, మూడేళ్లుగా రహస్య సేవలో ఉన్నవాడు. పైడన్నకు స్వయానా తమ్ముడు.

జగ్గన్న బల్ల మీద రెండు వస్తువులు పెట్టాడు. ఒకటి, లోయలో పడిన కారునుంచి ఊడదీసి తాడు కట్టిన గేజ్. దాని అద్దం పగిలింది, ముల్లు సున్నా మీద వంగి బిగిసిపోయింది. రెండోది, మూత బిగించిన చిన్న సీసా.

"వాసన సూడండి బాబూ."

భీమేశ్వరరావు మూత తీశాడు. "కిరసనాయిలు."

"సగానికి సగం. ఇంజను సల్లగా ఉన్నంతసేపూ ముల్లు నిలబడతాది. కొండెక్కి వేడెక్కితే ఆ సమురు నీళ్లయిపోతాది. బేరింగులు మైనంలాగ కరిగిపోనాయి. డిప్‌స్టిక్ తీసి సమురు మట్టం సూడకండా మా అన్నియ్య బండి కదపడు. మరిదెలా జరిగినాదో నాకు తెల్దు."

"నాకు తెలుసు. ఆ ముందురోజు పెట్రోలు షెడ్డు దగ్గర ఒక స్త్రీ కారు ఆగిపోయింది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర. పైడన్న బాగుచేసి ఇచ్చాడు. ఆమె సంతోషించి సీలు వేసిన ఆయిలు డబ్బా బహుమతిగా ఇచ్చింది. యుద్ధకాలంలో కొత్త ఆయిలు ఎక్కడ దొరుకుతుంది? పాతది తీసేసి అదే పోసుకున్నాడు."

జగ్గన్న సీసా అందుకొని మూత బిగించాడు. "సీలుని నమ్మినాడు," అన్నాడు. "ముక్కుని నమ్మనేదు."

"పగ ఉన్నవాడికి పని అప్పగించకూడదన్నది మా శాఖలో మొదటి రూలు, జగ్గన్నా."

"మరి నన్ను పిలిసినారేటి బాబూ?"

"కారు తెలిసినవాడు ఇంకొకడు లేడు కాబట్టి." భీమేశ్వరరావు ఒక ఫోటో ముందుకు జరిపాడు. చేతిలో వలతో, తెల్లకోటుతో నవ్వుతున్న దొర. "పేరు కెల్లర్. పాస్‌పోర్టు స్విస్. పని సీతాకోకచిలుకలు పట్టడం. ఇవి పైమాటలు. నిజానికి జర్మన్, జపాను కొలువులో ఉన్నవాడు. తీరం మీద బాంబులు పడతాయని మన రికార్డులను కొండమీదికి పంపిస్తుంటే, ఆ సంచి కొట్టేశాడు. అందులో ఓడల కోడ్ పట్టిక ఉంది. ఏ ఓడ, ఏ గంటకు, ఏ దారిలో, అన్నీ."

"ఏ ఓడండి?"

"వచ్చే గురువారం రాత్రికి గోపాలపూర్ చేరవలసిన ఓడ. బర్మానుంచి తప్పించుకొస్తున్న ఆరువందల నలభై మంది. అందరూ మన గంజాంవాళ్లే. గురువారం సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకు శత్రువుల జలాంతర్గామి నీటి పైకి తేలి, కెల్లర్ మాట కోసం వింటుంది. ఆ మాట అందితే ఓడ లేదు."

"ఆణ్ని ఇప్పుడే పట్టీసుకోకూడదేటి?"

"వైర్‌లెస్ సెట్టు ఎక్కడ దాచాడో తెలియదు. వాణ్ణి పట్టుకుంటే ఇంకొకడు సెట్టు ముందు కూర్చుంటాడు. మనిషి, సెట్టు, పట్టిక, మూడూ ఒకేచోట దొరకాలి. వాడు ప్రాణాలతో దొరకాలి. విన్నావా? ప్రాణాలతో."

జగ్గన్న గేజ్‌ను తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

కెల్లర్ మద్రాసునుంచి ఒక డ్రైవరును పిలిపించుకుంటున్నాడు. ఆ డ్రైవరును పోలీసులు ఇచ్ఛాపురం స్టేషనులోనే దింపి, తాళం వేసి కూర్చోబెట్టారు. అతడు రెండు గంటల్లో కోడ్ మాట కక్కాడు. "చమురు చల్లారిందా?" అని అడుగుతారు. "చల్లారాక చూసి చెబుతాను," అని బదులు చెప్పాలి.

"ఇందులో మర్మం గమనించావా?" అన్నాడు భీమేశ్వరరావు. "అన్నీ చకారాలు. ఇక్కడి మనిషి నోట చకారం నిలవదని వాడు కనిపెట్టాడు. మన పోలీసు ఎవడు మారువేషంలో వెళ్లినా నోరు తెరవగానే దొరికిపోతాడు. ఏదీ, అను. చమురు."

"సమురు."

"చ."

"చ."

"చమురు."

"స... చమురు."

నాలుగు రోజులు ఇదే సాధన. చేప, చెంబు, చల్ల, చీమ. ఇంట్లో గోడకు ఆనుకొని కళ్లు మూసుకొని జగ్గన్న గొణుగుకుంటుంటే, అతని తల్లి ముసలమ్మ అది పెద్దకొడుకు కోసం చదివే మంత్రమనుకుంది.

"అన్నియ్య కోసమేనేట్రా?" అని అడిగింది.

"అవునమ్మా," అన్నాడు. అది అబద్ధం కాదు.

*

గోపాలపూర్‌లో కెల్లర్ బంగళా వరండాలో ఆమె పేము కుర్చీలో కూర్చొని ఉంది. నల్ల కళ్లద్దాలు, బర్మాపట్టు చీర, వేళ్ల మధ్య సిగరెట్టు. రంగూన్‌లో గ్రామఫోను పాటలు పాడి పేరు తెచ్చుకున్న గాయని మిస్ పుణ్యవతి. మాట మద్రాసు మేడల్లో పెరిగినట్లుంది.

"చమురు చల్లారిందా?" అందామె, పొగ వదులుతూ.

"చల్లారాక చూసి చెబుతాను," అన్నాడు జగ్గన్న. చకారాలన్నీ మేకుల్లా సూటిగా దిగాయి.

తలుపు చాటునుంచి కెల్లర్ బయటికి వచ్చాడు. పాత వ్యాకరణ పుస్తకం ముందు పెట్టుకొని తెలుగు నేర్చినవాడు. "లెస్స. నీవు నియమింపబడితివి. గురువారమున మనము పర్వతమునకు పోవలెను. శకటమును సిద్ధపరచుము."

అతడు లోపలికి వెళ్లాక, పుణ్యవతి అలల వైపు తిరిగి యథాలాపంగా అంది. "ఈ పూట చముద్రం బాగా పోటుమీద ఉంది."

జగ్గన్న తల ఎత్తలేదు. కాని ఆ ఒక్క మాట అతని చెవిలో గంటలా మోగింది.

మధ్యాహ్నం ఆమె షెడ్డుకు వచ్చింది. అతడు కారు కింద పడుకొని నట్లు బిగిస్తున్నాడు. బయటికి రాకుండానే అడిగాడు.

"నీది ఏ ఊరప్పా?"

"మద్రాసు."

"మద్రాసోళ్లు సముద్రాన్ని సముద్రవనే అంటారు. స అన్నప్పుడల్లా బెత్తం దెబ్బ తిని చ నేర్సుకున్నోళ్లకే, రాకూడని కాడ కూడా చ వచ్చీసి, చముద్రం అవుతాది. నానూ మొన్న మా పిన్నిని చీతాలు అనీసినాను. దాని పేరు సీతాలు."

ఆమె కళ్లద్దాలు తీసింది.

"మాది రంభ," అంది. "సేపలోళ్ల ఈది."

జగ్గన్న కారు కిందనుంచి బయటికి వచ్చాడు. ఒక చేతిలో స్పానరు ఉంది. రెండో చేత్తో జేబులోని గేజ్ తీసి ఆమె ముఖం ముందు పట్టుకున్నాడు.

"ఇదేటో తెలుసా? పెట్రోలు షెడ్డుకాడ నీ బండి బాగుసేసినోడి బండిలోది. నువ్విచ్చిన డబ్బాయే అందులో పోసుకున్నాడు. ఆడు మా అన్నియ్య."

ఆమె ముఖం సున్నం కొట్టినట్లయింది. "బండి ఆగిపోతాది, సంచి తీసుకొని మనుసుల్ని ఒగ్గీత్తాను అన్నాడు దొర. ఇంజను బిగిస్తే సెక్రాలు కూడా బిగుస్తాయని నాకేటి తెలుసు?"

"మా అన్నియ్యకి తెలుసు. ఆరో మలుపుకాడే తెలుసు. అయినా ఎనక నుంచి మీ దొర తరువుతూనే ఉన్నాడు."

స్పానరు పట్టుకున్న పిడికిలి తెల్లబడింది. ఆమె వెనక్కు అడుగు వేయలేదు.

"కొడితే కొట్టు. ముందు నా మాటిను. ఆ ఓడలో మా అమ్మ వత్తంది. కాసమ్మ. రంగూన్ నుంచి అక్యాబుదాకా కాలినడకని వచ్చి ఓడెక్కింది. ఆ పట్టిక ఆ ఓడ కోసమేనని నాకు మొన్నటిదాకా తెల్దు. ఈడికి తెలిస్తే ముందు నన్ను సంపీసి తరవాత ఓడ ముంచుతాడు."

"సెట్టెక్కడుంది?"

"అది మాత్రం సెప్పడు. గురువారం కొండ కింద ఎక్కడో ఎత్తుకుంటాడు. తొమ్మిదో మలుపు దాటినాక శిఖరం మీద బానెట్టెత్తి, ఫాను బెల్టుకి డైనమో తగిలిత్తాడు. ఇంజను తిరుగుతుంటేనే ఆ సెట్టు పలుకుతాది."

జగ్గన్న కారు వైపు చూశాడు. అతని ముఖంలో ఏదో నెమ్మదిగా కుదురుకుంది. అది శాంతి కాదు.

"నిన్ను నమ్మమంటావేటి?"

"నమ్మొద్దు. నువ్వు సేసీది నువ్వు సెయ్యి. నాను సేసీది నాను సేత్తాను." ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. మళ్లీ మద్రాసు గొంతుతో, కెల్లర్‌కు వినిపించేటట్లు అంది. "చక్రాలు కూడా చూడు డ్రైవర్."

*

గురువారం ఉదయం స్నానం చేసి, దేవునికి దణ్ణం పెట్టుకొని, జగ్గన్న సంప్ మర ఊడదీశాడు. ఇంజను అడుగున ఉన్న ఆ పళ్లెంలో నిండుగా ఉన్న ఆయిలులో సగం తగ్గే వరకు ఆగి, మర బిగించాడు. కిరసనాయిలు కలపలేదు. గేజ్‌ను ముట్టుకోలేదు. అన్నకు జరిగిన మోసం తాను చేయడు. పగ తీర్చుకోవడంలో కూడా ఒక మర్యాద ఉండాలని అతని మతం.

చదును రోడ్డు మీద ఆ సగం ఆయిలు చాలు. ముల్లు నిటారుగా నలభై చూపిస్తుంది. కాని కారు వేగంగా ఎడమకు తిరిగినప్పుడు ఆయిలంతా కుడిగోడకు ఎగబాకుతుంది. పంపు పీల్చే గొట్టం నోరు తేలిపోయి గాలి పీలుస్తుంది. ఆ క్షణంలో ముల్లు పడిపోతుంది. అప్పుడు కాలు తీసి, వేగం తగ్గించి, ఆయిలు మళ్లీ అడుగుకు చేరనిచ్చినవాడికి ఇంజను దక్కుతుంది. ఆగక తొక్కినవాడికి దక్కదు. ఇదంతా పైడన్న నేర్పిందే. గేజ్ ఇప్పటి సంగతి చెబుతుందనీ, డిప్‌స్టిక్ ముందు రాబోయే సంగతి చెబుతుందనీ అతడు అంటుండేవాడు.

కెల్లర్ బయలుదేరే ముందు గేజ్ చూసి తల ఊపాడు. డిప్‌స్టిక్ చూడలేదు.

బరంపురంలో ఠాకురాణి జాతర జరుగుతోంది. మొక్కుబడి వేషాలతో వీధులు నిండిపోయాయి. ఊరు దాటాక డప్పు మోగిస్తూ, పులివేషాలు వేసిన ఏడుగురితో ఒక లారీ వెనుక పడింది.

"ఎవరు వీరు?" అన్నాడు కెల్లర్.

"అమ్మవారి మొక్కు," అంది వెనుక సీటులోని పుణ్యవతి. "పల్లెపల్లెకూ తిరుగుతారు."

కెల్లర్ మళ్లీ వెనక్కు చూడలేదు. ముందు నిలబడి డప్పు కొడుతున్న పులి, కానిస్టేబులు తవిటయ్య. మిగిలిన ఆరుగురికీ అది మారువేషం. తవిటయ్యకు మాత్రం నిజమైన మొక్కే.

దిగపహండి దాటి కొండ కిందికి చేరేసరికి మూడూ ముప్పై ఐదు. ఒక బొగ్గుల పాక దగ్గర కారు ఆపించి, కెల్లర్ స్వయంగా ఇనుప పెట్టె మోసుకొచ్చి డిక్కీలో పెట్టాడు. సెట్టు దొరికింది. ఇక కొండ ఎక్కడమే మిగిలింది.

"వేగముగా పొమ్ము," అన్నాడు కెల్లర్, పక్క సీటులో కూర్చొని. "మనకు ఇరువది నిమిషములు మాత్రమే కలవు."

జగ్గన్న తొక్కాడు. నోరు విప్పకూడదని నిశ్చయించుకున్నాడు. ఏడో మలుపు వరకు మౌనంగా నడపాలి. అక్కడ ఇంజను తనంతట తానే చావాలి.

మొదటి మలుపులో ముల్లు ముప్పైకి వచ్చి తిరిగి లేచింది. మూడో మలుపులో పదిహేనుకు వచ్చింది. అతని కాలు అతన్ని అడగకుండానే యాక్సిలరేటరు మీదినుంచి లేచింది. బలవంతంగా మళ్లీ నొక్కాడు. నాలుగోది పొడుగాటి ఎడమ మలుపు. ముల్లు ఐదుకు పడింది. ఇంజను గర్భంలో సన్నగా టిక్ టిక్ మని చప్పుడు మొదలైంది. పదేళ్ల వయసునుంచి ఇంజన్లను కన్నబిడ్డల్లా కాచినవాడు. ఆ చప్పుడు వినేసరికి పగా, మిషనూ, నాలుగు రోజుల సాధనా అన్నీ మరిచిపోయాడు.

"దొరా, సమురు సాలదు," అన్నాడు.

మాట బయట పడిపోయింది.

కెల్లర్ మెల్లగా తల తిప్పాడు. "ఏమంటివి?"

జగ్గన్న చూపు రోడ్డు మీదే నిలిపాడు.

"మద్రాసువాడు చమురును సమురు అనడు," అన్నాడు కెల్లర్. చేతిలోకి పిస్తోలు వచ్చింది. "శకటమును ఆపుము."

కారు ఆగింది. వెనుకనుంచి పుణ్యవతి గొంతు చల్లగా వినిపించింది.

"నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది. ఇక్కడ కాల్చకండి, కింద పులుల లారీ వస్తోంది. తొమ్మిదో మలుపులో తోసేద్దాం. పిస్తోలు నాకివ్వండి, వీణ్ణి నేను చూసుకుంటాను. మీరు నడపండి."

ఆ మాట విని జగ్గన్న కళ్లు మూసుకున్నాడు. డబ్బా ఇచ్చిన చెయ్యి అదే చెయ్యి అనుకున్నాడు. ఆమె చేతికి మారిన పిస్తోలు చల్లటి గొట్టం వెనుకనుంచి అతని మెడకు తగిలింది. కెల్లర్ స్టీరింగు ముందుకు మారాడు. జగ్గన్న ఎడమ సీటులోకి జరిగాడు.

కెల్లర్ తొక్కాడు. ఐదో మలుపులో ముల్లు పదికి పడింది.

"దొరా, ముల్లు సూడండి," అన్నాడు జగ్గన్న. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు. "మలుపులో కాలు తీసీండి. సంపులో సమురు సగమే ఉంది. గొట్టం గాలి పీల్సుతంది."

కెల్లర్ నవ్వాడు. "నీవు కాలహరణము చేయుచున్నావు. నాలుగు గంటలు దాటించవలెనని నీ యత్నము. గూఢచారి పలుకు నేను నమ్మవలెనా?"

ఆరో మలుపు. ముల్లు ఐదు. టిక్ టిక్ కాస్తా సుత్తిదెబ్బలయింది.

"నిజవే సెప్తన్నాను దొరా. ఇప్పుడాపి సల్లారనిస్తే ఇంజను బతుకుతాది. అది సమ్మెట దెబ్బ కాదు, బేరింగు ఏడుపు."

"నోరు మూయుము."

డ్రైవరు నోటినుంచి వచ్చి ఉంటే ఆ హెచ్చరిక కెల్లర్ వినేవాడే. శత్రువు నోటినుంచి వచ్చింది కాబట్టి వినలేదు. పైడన్నకు దక్కని నిజమైన హెచ్చరిక అతణ్ణి చంపినవాడికి రెండుసార్లు దక్కింది.

"మా అన్నియ్యకి ఎవులూ సెప్పనేదు," అన్నాడు జగ్గన్న మూడోసారి, నెమ్మదిగా. "నీకు సెప్పినాను. ఇంక నీ ఇట్టం."

ఏడో మలుపు.

ముల్లు సున్నా మీద పడుకుంది. కెల్లర్ చూపు గేజ్ మీద లేదు, గడియారం మీద ఉంది. ఇంజనులో పెద్ద గుండు పేలినట్లయింది. వెనుక చక్రాలు బిగిశాయి, కారు లోయ వైపు అడ్డం తిరిగింది. ఆ ఒక్క క్షణం కోసమే కాచుకొని ఉన్న జగ్గన్న ఎడమచేతి పిడికిలితో గేరు రాడ్డును న్యూట్రల్‌లోకి కొట్టి, కుడిచేత్తో హ్యాండ్‌బ్రేకు లాగాడు. చక్రాలు విడివడ్డాయి. కారు జారి, కొత్తగా కట్టిన రాతిగట్టుకు ముక్కు ఆనించి ఆగింది.

కురుక్షేత్రంలో నేల కరిచిన రథచక్రాన్ని చూసి కర్ణుడు దిగినట్లు, కెల్లర్ కిందికి దిగాడు. హ్యాండిలు పెట్టి తిప్పాడు. అది వెంట్రుకవాసి కదల్లేదు. గడియారం చూసుకున్నాడు. మూడూ యాభై ఆరు.

"బ్యాటరీ," అన్నాడు. "రెండు నిమిషములకు అది చాలును."

డిక్కీ తెరిచాడు. తీగెలు తగిలించాడు. సెట్టులో వాల్వులు ఎర్రగా వెలిగాయి. పుణ్యవతి జగ్గన్నను దింపి కారు వెనక్కి నడిపించింది. అతడు కెల్లర్ మీదికి కదలబోయాడు. మెడ మీద గొట్టం కదలనివ్వలేదు.

"ఉండు," అంది ఆమె, అతనికి మాత్రమే వినబడేటట్లు. "పట్టిక బైటికి రానీ."

కెల్లర్ సీతాకోకచిలుకల పెట్టె అట్ట చించి, మడత పెట్టిన కాగితం తీశాడు. దాన్ని సెట్టు పక్కన పరిచాడు. మూడూ యాభై తొమ్మిది. చెవులకు ఫోన్లు తగిలించుకొని, వేలు మీట మీద ఉంచాడు.

మెడ మీది గొట్టం తొలగిపోయింది. పిస్తోలు ఒకసారి మోగింది. సెట్టు ముఖం పగిలి, వాల్వులు ఆరిపోయి, కాలిన వాసన కొండగాలిలో కలిసింది.

కెల్లర్ నిలువునా బిగుసుకుపోయాడు. "నీవు... మద్రాసు..."

"రంభ," అంది పుణ్యవతి. "సముద్రం ఒడ్డు కాదు, సిలక సరస్సు ఒడ్డు. ఆ ఓడలో మా అమ్మ ఉంది దొరా."

జగ్గన్న కెల్లర్ కాలరు పట్టుకొని గట్టు అంచుకు ఈడ్చాడు. కింద, రాళ్ల మధ్య, పైడన్న కారు అస్థిపంజరం కనిపిస్తోంది. కెల్లర్ బూటు కింద గులకరాయి జారింది. అది లోయ అడుగుకు చేరిన చప్పుడు చాలాసేపటికి వినిపించింది.

"ప్రాణాలతో కావాలన్నారు," అంది పుణ్యవతి వెనుకనుంచి. "మీ ఇన్‌స్పెక్టరు."

"అది నీకెలా తెలుసు?"

"ఎవులైనా అలాగే అంటారు."

ఇంకో అంగుళం చాలు. ఇన్ని రాత్రులూ అతడు ఆ అంగుళాన్నే కలగన్నాడు. చివరకు రెండో చేత్తో జేబులోనుంచి పగిలిన గేజ్ తీశాడు. దానికి కట్టిన తాడును కెల్లర్ మెడలో వేసి ముడి బిగించాడు.

"మా అన్నియ్య ఊపిరి తీత్తుంటే నువ్వు గడియారం సూసుకొని ఎల్లిపోనావు," అన్నాడు. "నాను ఎల్లను. నీ కోర్టుకొత్తాను. నీ జైలుకొత్తాను. నీ ఉరికంబం కాడ కూడా నిలబడతాను. రోజూ ఈ ముల్లు సూడు. అది ఎక్కడుందో సూడు."

డప్పు చప్పుడు దగ్గరయింది. లారీ ఆగింది. ఏడు పులులు దూకాయి. అన్నిటికంటే ముందు దూకిన పులి కెల్లర్ చేతులకు బేడీలు వేసింది.

"ఏటి జగ్గన్నా," అన్నాడు తవిటయ్య ఆయాసపడుతూ, "ఒక్కడివే వేటాడీసినావు. మరి మా వేసాలెందుకు?"

"అమ్మోరి మొక్కు కదా మావా. ఉట్టినే పోదు."

*

ఓడ ఆ రాత్రే గోపాలపూర్ చేరి లంగరు వేసింది. మరునాటి ఉదయం అలలు దాటించి పడవల మీద మనుషులను ఒడ్డుకు చేరుస్తున్నారు. ఎముకల గూడులా మిగిలిన ఒక ముసలిది ఇసుకలో దిగి, బర్మాపట్టు చీరలో ఉన్న కూతురిని చూసి గుర్తుపట్టలేక నిలబడింది.

"నానేనే అమ్మా," అంది పుణ్యవతి. ఆ గొంతు విన్నాక కాసమ్మ గుర్తుపట్టింది.

తల్లీకూతుళ్లు ఏడ్వడం అయ్యేదాకా జగ్గన్న ఆగాడు. తరువాత దగ్గరకు వచ్చాడు.

"మీ అమ్మని సూసినావు. ఇంక మా అమ్మని సూడాల. గోసాని నువాగాం. ఆ డబ్బా ఎవులిచ్చినారో నీ నోటితో సెప్పు. తవిటయ్య మావ తీసుకెల్తాడు. తరవాతే స్టేషను."

"తిడతాదా?" అని అడిగింది ఆమె.

"తిట్టదు. అందుకే ఎల్లమంటన్నాను."

ఆమె కళ్లద్దాలు తీసి ఇసుకలో వదిలేసింది. ఎన్నిసార్లు తోమినా ఒంటి మీద చారలు పోని తవిటయ్య వెంట తల వంచుకొని నడిచింది.

విత్తనాల గిడ్డంగిలో భీమేశ్వరరావు రిపోర్టు రాస్తున్నాడు. సంప్ దగ్గర ప్రారంభించి, మలుపు తరువాత మలుపుగా, నాలుగో మలుపు వరకు వచ్చి కలం ఆపాడు.

"నిజం చెప్పు జగ్గన్నా. నాలుగు రోజులు కూర్చోబెట్టి నేర్పాను. ఆ మాట కావాలని జారవిడిచావా, నోరు జారిందా?"

"జారిందండి. ముల్లు పడిపోతంటే నా నోరు నా మాటినదు. నాను డ్రైవరులాగే ఉండిపోతే ఆడు నా మాట నమ్మి బండి ఆపీసేవోడు, ఇంజను బతికి సెట్టు పలికేది. నాను పోలీసునని తెలిసినాక, నిజం సెప్పినా నమ్మనేదు."

"బాగుంది. మరి రిపోర్టు పై ఆఫీసుకు వెళ్లాలి. ఈ మాటను శుద్ధంగా చకారంతో రాయనా, నువ్వు అన్నట్లే రాయనా?"

జగ్గన్న టోపీ చేతిలోకి తీసుకొని లేచాడు.

"సకారంతోనే రాసీండి బాబూ. చకారంతో అనుంటే ఓడ మునిగిపోయేది."